ఆడిన చేయి: బరంపురం బొమ్మల తాతగారి జ్ఞాపకాలు

సందేశం 1 · మహేంద్రతనయ (బరంపురం)

సభ్యులందరికీ నమస్కారం. బరంపురంలో పాతికేళ్ళకు పైగా పాత బొమ్మల దుకాణం నడిపిన పెద్దాయన గత మాసంలో తమ ఎనభై ఆరవ ఏట కన్నుమూశారు. తెలుగువారు ఆయనను బొమ్మల తాతగారనీ, ఒడియా ఇరుగుపొరుగు కండెయి అజా అనీ పిలిచేవారు. పేరు ఎక్కడా రాయవద్దని కుటుంబం కోరింది. బతికుండగా దుకాణానికి పేరుపలక కూడా పెట్టుకోని మనిషి గనుక ఆ కోరికను మన్నించి, ఇక్కడ మనమందరం బొమ్మల తాతగారనే అందాం.

ఆయన పుట్టిన ఊరు పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న గంజాం ప్రాంతమూ పర్లాకిమిడీ మద్రాసు రాజధానిని విడిచి కొత్త ఒడిశాలో చేరిన రెండేళ్ళకు పుట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తాతల కాగితాలలో రెండూ చూస్తూ పెరిగారు. రైల్వే ఉద్యోగం ముగిశాక బరంపురం వచ్చి స్థిరపడ్డారు. ఆ ఇల్లు ఇక్కడి పాత వీధుల ఇళ్ళలాగే వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ: వీధి వైపు అరుగు, దాని వెనుక దుకాణంగా మారిన ముందుగది, ఆ పైన ఒకదాని వెనుక ఒకటిగా మూడు గదులు, చివర బావి. వంటగది తప్ప ప్రతి గదిలోనూ గోడ పొడవునా బొమ్మలే.

2009 నుండి నేను ఆయన దగ్గర ఖాతా రాసేవాడిని. జీతానికి కాదు; మేము వారి ఇంట వెనుక వాటాలో అద్దెకు ఉండేవాళ్ళం, ఆయన చూపు అప్పటికే మందగించింది. ఆ ఖాతా గురించి చెప్పకుండా ఆయన గురించి చెప్పడం నాకు సాధ్యం కాదు. నాలుగు పెద్ద పుస్తకాలు, బొమ్మకు ఒక పుట చొప్పున. వరుస సంఖ్య, దేనితో చేసినది, ఎన్ని అంగుళాలు, ఏ ఊరి నుండి వచ్చింది, ఎంత ఇచ్చాను, ఏ లోపం ఉంది: ఇవన్నీ ఏ వర్తకుడైనా రాసుకునేవే. వీటన్నిటికన్నా ముందు, పుట ఎడమ వైపున, ఎర్ర సిరాతో గీసిన ఒక గడి ఉండేది. దాని శీర్షిక ‘ఆడిన చేయి’. చిన్నతనంలో ఆ బొమ్మతో ఎవరు ఆడుకున్నారో వారి పేరు, అప్పటి వయసు, ఇల్లున్న వీధి అక్కడ రాయాలి. తెలియకపోతే ‘తెలియదు’ అని రాయడానికి ఆయన ఒప్పుకునేవారు కాదు. ‘ఇంకా అడగాలి’ అని రాయించేవారు.

పుస్తకాలు ప్రస్తుతం నా దగ్గర ఉన్నాయి. ఆయనను ఎరిగినవారు తమకు తెలిసినది రాయవలసిందిగా కోరుతున్నాను. మీ ఇంటి నుండి ఏదైనా బొమ్మ ఆయన దగ్గరకు చేరి ఉంటే అది కూడా చెప్పండి. ఆయన ‘ఇంకా అడగాలి’ అని వదిలిపెట్టిన గడులు చాలానే ఉన్నాయి.

సందేశం 2 · లైటురైలు (పర్లాకిమిడి)

మహేంద్రతనయ గారూ, ఈ చర్చ మొదలుపెట్టి మంచి పని చేశారు. నేను ఆయనతో పదకొండేళ్ళు ఒకే మార్గంలో పనిచేశాను. నౌపడ నుండి పర్లాకిమిడికి 1900లో వేసి, 1931లో గుణుపురం దాకా పొడిగించిన ఆ రెండున్నర అడుగుల చిన్న పట్టాల మార్గంలో ఆయన సరుకుల గుమాస్తా. టెక్కలి, టెంబూరు, పాతపట్నం, పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, వీటిలో ఏ స్టేషనుకు బదిలీ అయినా మొదటి వారంలోనే ఆయన కనుక్కునేది ఒకే సంగతి: ఈ ఊళ్ళో బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళు ఎన్ని, అందులో మానేసినవి ఎన్ని. కొలువు మానేసిన ఇంట్లో బొమ్మలు అటక మీద ఉంటాయని ఆయనకు తెలుసు. అయితే వెళ్ళి అడిగేవారు కాదు. ఆ ఇంటివారు తమంతట తాము చెప్పేదాకా నెలల తరబడి ఎదురుచూసేవారు.

ఆయన మొదటి బొమ్మ సంగతి నాకు బాగా తెలుసు, ఎందుకంటే ఆ రోజు నేను పక్కనే ఉన్నాను. ఒక మిషన్ బంగళా వారు స్వదేశానికి వెళ్ళిపోతూ పెట్టెలన్నీ మా స్టేషనులో సరుకుగా కట్టించి, పంపడానికి తగవనుకున్నవి అక్కడే అమ్మివేశారు. ఆ మిగులులో ఒక బొమ్మ ఉంది. తల మెరుపు లేని పింగాణీతో చేసినది, కళ్ళు గాజువి. ఒళ్ళు రంపపు పొట్టు, కాగితపు గుజ్జు, జిగురు కలిపి పోతపోసినది. లోపలి సాగే తాడు తెగిపోవడంతో చేతులూ కాళ్ళూ విడివిడిగా ఒక గుడ్డ సంచిలో ఉన్నాయి. జుట్టు లేదు. ఆయన రెండు రూపాయలిచ్చి కొన్నారు. ఆ రోజులలో రెండు రూపాయలంటే మాలాంటి వారికి చిన్న మొత్తం కాదు.

మెడ వెనుక చెక్కిన అక్షరాలూ 390 అనే అంకె ఏమిటో తెలుసుకోవడానికి ఆయనకు చాలా ఏళ్ళు పట్టింది. ఆ లోగా ఢిల్లీలో కార్టూనిస్టు శంకర్ 1965లో బొమ్మల మ్యూజియం నెలకొల్పారని పత్రికలో చదివి, మాకు ఇచ్చే రైలు పాసు మీద భార్యను వెంటబెట్టుకుని వెళ్ళారు. అందరూ ఎర్రకోట చూసి వచ్చి చెబితే ఆయన మాత్రం రెండు రోజులూ ఆ మ్యూజియంలోనే గడిపి వచ్చారు. ప్రతి బొమ్మ ముందూ దేశం పేరు రాసిన చీటీ ఉందని, మన ఇళ్ళలో ఒక్క బొమ్మకూ చీటీ లేదని, చీటీ లేని బొమ్మ మూడో తరానికి చెత్తలోకి పోతుందని నాతో అన్నారు. తిరిగి వచ్చిన వారం రోజులలో మొదటి ఖాతా పుస్తకం కొన్నారు.

ఆ మొదటి బొమ్మకు ఆయన భార్య బరంపురం పట్టు ముక్కతో పరికిణీ కుట్టారు. ఆమె పోయాక ఆ బొమ్మను ఆయన దుకాణం గదిలో ఉంచలేదు. పడక గదిలోకి మార్చుకున్నారు.

సందేశం 3 · తెల్లపొణికి (ఇచ్ఛాపురం)

బొమ్మలు బాగుచేసే పని నాకు నేర్పినది ఆయనే. లైటురైలు గారు చెప్పిన బొమ్మ గురించి ముందుగా ఒక మాట. ఆ గుర్తు జర్మనీలోని తురింజియా ప్రాంతంలో, కోపెల్స్‌డోర్ఫ్ అనే ఊళ్ళో నడిచిన ఆర్మండ్ మార్సెయిల్ కర్మాగారానిది. 390 సంఖ్య అచ్చుతో వారు లెక్కలేనన్ని తలలు పోశారు. పాత బొమ్మల లోకంలో ఇంతకన్నా సులభంగా దొరికే పింగాణీ తల మరొకటి ఉండదు. తాతగారు ఈ సంగతి తెలుసుకున్న రోజున నేను అక్కడ ఉన్నాను. చూడడానికి వచ్చిన ప్రతివారికీ ‘ఇది అరుదైనది కాదు, ఖరీదైనదీ కాదు, నా మొదటిది’ అని ఆయనే చెప్పేవారు. తన సొంత బొమ్మ విలువను తానే తగ్గించి చెప్పే వర్తకుడిని నేను మరెక్కడా చూడలేదు.

మెడ వెనుక గుర్తులు చదవడం ఆయన నాకు పాఠంలా చెప్పారు. అమెరికాలో దిగుమతి అయ్యే వస్తువుల మీద దేశం పేరు ఉండి తీరాలని 1891 నుండి చట్టం అమలులోకి వచ్చింది. అందుచేత ‘జర్మనీ’ అనే మాట ఉన్న తల సాధారణంగా ఆ తరువాతిదే. ‘ఆక్రమిత జపాన్’ అని ఉంటే రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాతి కొద్ది సంవత్సరాలది, 1952 దాటనిది. అంకె పెద్దదైతే బొమ్మ పాతదని, వెల ఎక్కువని అనుకునేవారు చాలామంది ఉన్నారు; అది అచ్చు సంఖ్యే గాని సంవత్సరం కాదని ఆయన ఓపికగా చెప్పేవారు.

మరమ్మతులో ఆయనకు కొన్ని కట్టుబాట్లు ఉండేవి. కొండపల్లి బొమ్మ చేయి ఊడితే బజారు జిగురు వాడనిచ్చేవారు కాదు; ఆ బొమ్మ చేసినవారు చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపి వాడే మక్కునే తయారుచేయించేవారు. ఆ బొమ్మలు చేసే తెల్ల పొణికి తేలికైన కర్ర, గట్టి జిగురు ఎండి బిగుసుకుంటే కర్రే చీలుతుంది గాని అతుకు ఊడదని ఆయన వాదన. నా అనుభవంలో అది నిజమే. ఏటికొప్పాక లక్క బొమ్మ మెరుపు తగ్గితే వార్నిష్ పూయడం ఆయనకు నచ్చదు. అంకుడు కర్ర తిరుగుతుండగా లక్క కడ్డీని ఒత్తి, ఆ రాపిడి వేడికి కరిగిన లక్కను మొగలి ఆకుతో మెరుగుపెట్టడం ఆ పనివారి పద్ధతి. ఈయన గోపాలపురం వైపు నుండి మొగలి ఆకులు తెప్పించి, వాటితోనే గంటల తరబడి రుద్దించేవారు. మా గంజాం తీరమంతా మొగలి పొదలే గనుక ఆకుకు కొరత లేదు.

పింగాణీ తలలకు దాచిన అతుకులు ఉన్నాయేమో చూడడానికి బ్యాంకులలో నోట్లు సరిచూసే అతినీలలోహిత దీపాన్ని ఒకటి సంపాదించారు. చీకటి గదిలో ఆ వెలుగు పడితే, తరువాత పూసిన రంగు అసలు పింగాణీకి భిన్నంగా కనిపిస్తుంది. అలా అతుకు కనిపించిన బొమ్మను ఆయన పక్కన పెట్టేవారు కాదు. అతుకు ఎక్కడ ఉందో పుటలో బొమ్మ గీసి చూపేవారు.

ముఖానికి మాత్రం ఎన్నడూ రంగు వేయనిచ్చేవారు కాదు. నేను కొత్తగా చేరినప్పుడు ఒక చెక్క బొమ్మ బుగ్గ మీద అరిగిపోయిన చోట కొద్దిగా ఎరుపు అద్దబోయాను. ఆయన నా చేయి పట్టుకుని ఆపి, ఏ పిల్లో రోజూ ముద్దు పెట్టుకుని అరగదీసిన చోటు అదని, దానిని కప్పితే ఆ పిల్ల ఆడుకున్న ఆటను తుడిచినట్లే అవుతుందని చెప్పారు. ఆ సాయంత్రం ఖాతాలో ‘కుడి బుగ్గ అరిగినది’ అని లోపాల గడిలో కాక, ఎర్ర గడిలో రాయించారు.

సందేశం 4 · రాయగడ_పాఠకురాలు

ఈ చర్చ చదువుతూ ఉంటే ఒక సంగతి అడగాలనిపించింది. మా అమ్మమ్మ బాల్యం రంగూన్‌లో గడిచింది. 1941 డిసెంబరు 23న రంగూన్ మీద బాంబులు పడ్డాక వారి కుటుంబం చేతికి అందినది పట్టుకుని ఎన్నో వారాలు ప్రయాణం చేసి గంజాం చేరింది. అప్పుడు ఆమెకు ఏడేళ్ళు నిండలేదు. ఆమె తనతో తెచ్చుకోగలిగినది ఒక చిన్న సెల్యులాయిడ్ బొమ్మ మాత్రమేనని ఇప్పటికీ చెబుతుంది. 1994లో ఇంట్లో ఇబ్బంది వచ్చినప్పుడు మా పెద్ద మామయ్య కొన్ని పాత సామానులతో పాటు ఆ బొమ్మను కూడా బరంపురంలో ఒక బొమ్మలాయనకు ఇచ్చివేశారట. అమ్మమ్మకు అప్పుడు చెప్పలేదు. ఆయన ఈయనేనా? ఆ బొమ్మ అమ్ముడుపోయి ఉంటుందని నాకు తెలుసు, అయినా ఎవరికి చేరిందో తెలిస్తే చాలు.

సందేశం 5 · విశాఖ_వర్తకుడు

పోయినవారి గురించి మంచే చెప్పాలని ఉన్నా, ఇది జ్ఞాపకాల చర్చ గనుక నాకు తెలిసినది తెలిసినట్లే రాస్తున్నాను. నేను పాత వస్తువుల వ్యాపారంలో ఉన్నాను. నూరేళ్ళు దాటిన వస్తువుల వ్యాపారానికి 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం లైసెన్సు కావాలి. చాలామంది అది లేకుండానే నడుపుకుంటారు, ఆయన మాత్రం ఆ కాగితాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించారు. దేవాలయ విగ్రహం అనే అనుమానం ఉన్నదేదీ గడప దాటనిచ్చేవారు కాదు. దంతపు బొమ్మ తెచ్చినవారిని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చి, దంతపు వ్యాపారాన్ని నిషేధించే చట్టం ఎందుకు వచ్చిందో చెప్పి పంపేవారు. పర్లాకిమిడి కొమ్ము పని దంతం కాదని, పశువుల కొమ్మును వేడి చేసి వంచి చేసినదని కొనేవారికి విడమరచి చెప్పి, ఆ కొమ్ము పక్షులను ఎంతో గౌరవంగా అమ్మేవారు. ఇంతవరకు ఆయనకు వంక పెట్టలేను.

అయితే వర్తకుడిగా ఆయన తీరు నాకు ఎన్నడూ అర్థం కాలేదు. నేను మూడుసార్లు మంచి కొనుగోలుదారులను వెంటబెట్టుకుని వెళ్ళాను. మూడుసార్లూ వారికి నచ్చిన బొమ్మనే ఆయన ‘ఇది ఇప్పుడు కాదు’ అని వెనక్కి తీసుకున్నారు. ఒకసారి నలభై వేల రూపాయలు బల్ల మీద పెట్టినా కారణం కూడా చెప్పలేదు. అమ్మడం ఇష్టం లేనప్పుడు దుకాణం అనడం ఎందుకు? ఇళ్ళ నుండి బొమ్మలు కొనుక్కుని తన దగ్గరే ఉంచుకోవడం సేకరణ అవుతుంది గాని వ్యాపారం కాదు. ఆ రెండింటినీ ఆయన కలిపివేశారని, దాని వల్ల మాలాంటివారి సమయం వృథా అయిందని నా అభిప్రాయం.

సందేశం 6 · దేవాంగవీధి (బరంపురం)

వ్యాపారం సంగతి నాకు తెలియదు. పక్కింటివాడిగా నాకు తెలిసినది చెబుతాను.

ఆయన ఇంట దసరాకు ఒక కొలువు, సంక్రాంతికి ఒక కొలువు ఉండేవి. మా బుఢీ ఠాకురాణీ యాత్ర జరిగే సంవత్సరం వీధులలో మట్టి బొమ్మల రథాలు వెలుస్తాయి గదా, వాటిని చూడడానికి వచ్చిన పల్లెవారు కూడా ఆయన అరుగు ఎక్కి లోపలికి తొంగిచూసి వెళ్ళేవారు. కొలువు పేరంటానికి పిలిచేటప్పుడు తెలుగిళ్ళు, ఒడియా ఇళ్ళు అని ఆయన చూడలేదు. మెట్ల మీద కొండపల్లి దశావతారాల పక్కనే బెళగుంఠ ఇత్తడి చేప ఉండేది; పిల్లలు దాని తోక పట్టుకుంటే ఒళ్ళంతా మెలికలు తిరిగేది. పట్టుకోనిచ్చేవారు, అదే విశేషం.

2013 అక్టోబరు 12. దుర్గాష్టమి. ఫైలిన్ తుఫాను ఆ రాత్రి గోపాలపురం దగ్గర తీరం దాటుతుందని రెండు రోజులుగా చెబుతున్నారు. మధ్యాహ్నానికే గాలి మొదలైంది. ఆయన కొలువు మెట్లు దించడానికి మా వీధి కుర్రవాళ్ళను పిలిచారు. ఒక్కొక్క బొమ్మను పాత పట్టు చీర ముక్కలలో చుట్టి, బియ్యం పోసుకునే ఇనుప డబ్బాలలోనూ ఇత్తడి గంగాళాలలోనూ పెట్టించారు. బియ్యం నేల మీద పోశాం. ప్రతి డబ్బాలోనూ ఆ బొమ్మల పుటల సంఖ్యలు రాసిన చీటీ వేశారు. అందరం తొందరపెడుతుంటే ఆయన చీటీలు రాస్తూ కూర్చున్నారు. మాకు కోపం కూడా వచ్చింది.

రాత్రి గాలి గంటకు 200 కిలోమీటర్లు దాటింది. ముందుగది పెంకులు ఎగిరిపోయాయి. మేమంతా నడిమి గదిలో తలుపుకు అడ్డంగా బీరువా పెట్టి కూర్చున్నాం. తెల్లవారాక చూస్తే దుకాణం గదిలో మోకాలి లోతు తడి చెత్త, విరిగిన పెంకులు ఉన్నాయి. ఒక్క డబ్బాలోకి కూడా నీరు పోలేదు. ఆ తరువాత కరెంటు లేని రోజులలో, తుఫానుకు భయపడి నిద్రపోని మా వీధి పిల్లలకు ఆయన డబ్బాకు ఒక బొమ్మ చొప్పున తీసి ఇచ్చారు, పడుకునేటప్పుడు దగ్గర పెట్టుకోమని. ఉదయం చీటీ చూసి లెక్కగా తీసుకునేవారు. మా అమ్మాయికి ఏటికొప్పాక చిలుక వచ్చింది. ఆ చిలుక పుటలో ఎర్ర గడిలో ఇప్పుడు రెండు పేర్లు ఉన్నాయని మహేంద్రతనయ గారు నాకు చూపించారు. రెండవది మా అమ్మాయిది.

సందేశం 7 · పాతపట్నం_వాసి

1998లో మా నాన్నగారు ఒక పెట్టెడు బొమ్మలు ఆయనకు మూడు వందల రూపాయలకు ఇచ్చారు. అది తక్కువ ధర అని మా ఇంట్లో చాలాకాలం బాధపడ్డాం. నేను కూడా ఆయనను తప్పుగానే అనుకున్నాను. ఏడాది దాటాక ఆయన ఒక మధ్యాహ్నం బస్సు దిగి మా ఇంటికి వచ్చారు. ఆ పెట్టెలోని ఒక తల మెడ మీద జర్మనీలో పింగాణీ తలలు చేసిన సైమన్ అండ్ హాల్బిగ్ వారి గుర్తు ఉందని, తొలిసారి చూసినప్పుడు జుట్టు కింద జిగురు కప్పివేయడం వల్ల తనకు కనిపించలేదని చెప్పి, ఇంకా నాలుగు వేల రూపాయలు మా నాన్నగారి చేతిలో పెట్టారు. మా నాన్నగారు వద్దన్నారు. ‘నా కంటిచూపు లోపానికి మీరు నష్టపోకూడదు’ అని ఆయన అక్కడే పెట్టి లేచారు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత మహేంద్రతనయ నది పొంగి మా వైపు ఎన్నో ఇళ్ళు మునిగాయి. అప్పటికి ఆయనకు ఎనభై ఏళ్ళు. నీరు తీసిన వారానికి వచ్చారు. తడిసిన చెక్క బొమ్మలను ఎండలో పెట్టవద్దని, గుడ్డతో తుడవవద్దని, నీడలో గాలి ఆడే చోట చాప మీద పరచి నెమ్మదిగా ఆరనివ్వాలని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. ఎండలో పెట్టినవి పగిలిపోయాయి. ఆయన మాట విన్నవారివి నిలిచాయి.

సందేశం 8 · మహేంద్రతనయ

విశాఖ వర్తకుడు గారూ, మీరు దాచకుండా రాసినందుకు కృతజ్ఞతలు. మీ ప్రశ్నకు ఖాతాలో జవాబు ఉంది, దానిని ఇక్కడ చెప్పడం తప్పు కాదనుకుంటాను.

కొన్ని పుటల అడుగున ఆయన ‘చేయి ఉంది’ అని రెండు మాటలు రాయించేవారు. మొదట్లో నాకూ అర్థం కాలేదు. బొమ్మతో ఆడుకున్న మనిషి బతికి ఉన్నంతకాలం ఆ బొమ్మను ఎంత ధరకైనా ఆయన అమ్మరు. కొన్నది నిజమే, డబ్బు ఇచ్చినదీ నిజమే, రసీదు ఉన్నదీ నిజమే. అయినా ఇంటిలోని మగవాళ్ళో పెద్దవాళ్ళో ఇబ్బందిలో అమ్మివేసిన వస్తువు మీద ఆ పిల్లకు హక్కు మిగిలే ఉంటుందని, ఎప్పుడైనా ఆమె అడుగుతూ వస్తే ‘అమ్మేశాను’ అని తన నోట చెప్పలేనని అనేవారు. అలా అడుగుతూ వచ్చినవారు ఉన్నారు. నేను చూసినంతలోనే ఏడుగురు. వారి నుండి ఆయన తాను ఇచ్చిన మొత్తమే తీసుకునేవారు. ఇద్దరి దగ్గర అదీ తీసుకోలేదు.

ఆ మనిషి కాలం చేశారని తెలిసిన తరువాతే ‘చేయి లేదు’ అని తేదీ వేయించి, బొమ్మను ముందుగదిలోకి తెచ్చేవారు. కొన్నవారికి బొమ్మతో పాటు ఆ పుట నకలు కూడా చేతిరాతతో ఇచ్చేవారు. నకలు తీసుకోవడం ఇష్టం లేనివారికి బొమ్మ ఇచ్చేవారు కాదు. మీరు చూసిన ఆ నలభై వేల బొమ్మ పుట ఇప్పుడే తీసి చూశాను. ఆమె పర్లాకిమిడిలో ఇప్పటికీ ఉన్నారు. కారణం మీకు చెబితే మీరు ఆమె దగ్గరకు వెళ్ళి ఒప్పిస్తారేమోనని ఆయన జంకి ఉంటారని నా ఊహ.

ఇది వ్యాపారానికి నష్టమే. ఆయనకు రైల్వే పింఛను ఉండేది, అందులో చాలా భాగం దీనికే పోయింది. ఇంట్లో ఈ విషయమై మాటలు రాలేదని కూడా నేను అనను.

సందేశం 9 · ప్రవాస_గంజాం

పదేళ్ళ క్రితం సెలవులకు వచ్చినప్పుడు ఆయన దగ్గర ఒక పాత తిరుపతి ఎర్రచందనం బొమ్మల జంటను అమెరికా తీసుకువెళ్ళాలని ఎంతో అడిగాను. నూరేళ్ళు నిండిన వస్తువును దేశం దాటించడానికి ప్రైవేటు వ్యక్తులకు చట్టం అనుమతి లేదని చెప్పి, కొత్త జంటను కొనుక్కోవలసిన చోటు చెప్పి పంపారు. అప్పుడు చిన్నబుచ్చుకున్నాను. ఆ కొత్త జంట ఈనాడు మా ఇంటి కొలువులో మొదటి మెట్టు మీద ఉంది. దానికి చీటీ కట్టమని ఆయనే చెప్పారు. మా పిల్లల పేర్లు రాసి కట్టాను.

సందేశం 10 · విశాఖ_వర్తకుడు

మహేంద్రతనయ గారూ, మీ జవాబు చదివాను. నేను ఆమె దగ్గరకు వెళ్ళి ఉండేవాడినా అంటే, వెళ్ళి ఉండేవాడిని. ఆ మాట ఒప్పుకుంటున్నాను.

ఇప్పుడు ఆ పుస్తకాలు, బొమ్మలు ఏమవుతాయన్నది నా ఆందోళన. మ్యూజియానికి ఇస్తే బొమ్మలు అద్దాల వెనుకకు చేరతాయి, అడుగుతూ వచ్చిన మనిషికి తిరిగి ఇచ్చే వీలు ఉండదు. విడివిడిగా అమ్మితే ఖాతా విడిపోతుంది. ధర కట్టవలసి వస్తే నా ఖర్చు మీద వచ్చి కట్టి పెడతాను, కొనను.

సందేశం 11 · తెల్లపొణికి

రాయగడ పాఠకురాలు గారి ప్రశ్న మరుగున పడకూడదు. అమ్మా, యుద్ధానికి ముందు రంగూన్ బజారులలో దొరికిన సెల్యులాయిడ్ బొమ్మలు ఎక్కువగా జపాన్‌లో చేసినవి. తాతగారు వాటిని చివరి గదిలో, బావి వైపు, మిగిలిన అన్నిటికీ దూరంగా ఉంచేవారు. సెల్యులాయిడ్‌కు నిప్పు తగిలితే క్షణంలో భగ్గుమంటుంది. అంతేకాక అది పాతబడే కొద్దీ విడిచే ఆవిరి పక్కన ఉన్న లోహాన్నీ బట్టనూ కూడా తినివేస్తుంది. మూసిన డబ్బాలో పెడితే ఇంకా త్వరగా పాడవుతుంది. అందుకే ఫైలిన్ రాత్రి కూడా వాటిని డబ్బాలలో పెట్టనివ్వక, వెదురు బుట్టలలో పెట్టించారని విన్నాను. ఆ గదిలో దీపం పెట్టరు, అగరొత్తి కూడా వెలిగించరు.

మీ అమ్మమ్మగారి బొమ్మకు ఏదైనా ప్రత్యేకమైన ఆనవాలు ఉంటే చెప్పండి. ఆ కాలపు బొమ్మలు ఒకేలా ఉంటాయి.

సందేశం 12 · రాయగడ_పాఠకురాలు

నిన్న రాత్రి అమ్మమ్మను అడిగాను. ఇన్నాళ్ళూ ఆ బొమ్మ మాట ఆమె దగ్గర ఎత్తడానికి మా ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. ఆమెకు ఇప్పుడు తొంభైకి దగ్గర పడింది. కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత, దారిలో బొమ్మ ఎడమ చేయి ఊడిపోతే వాళ్ళ అమ్మ తన రవిక అంచు నుండి ఎర్ర దారం లాగి కట్టిందని, మూడు ముళ్ళు వేసిందని చెప్పింది. ఇంకే ఆనవాలూ ఆమెకు గుర్తులేదు.

సందేశం 13 · మహేంద్రతనయ

రెండవ పుస్తకం, 143వ పుట. నేను చేరడానికి ముందు ఆయన తమ చేత్తోనే రాసుకున్నది. ఉన్నది ఉన్నట్లు ఇక్కడ ఎక్కిస్తున్నాను, పేర్లు మాత్రం వదిలివేస్తున్నాను.

‘సెల్యులాయిడ్ పాప. అయిదున్నర అంగుళాలు. వీపు మీద జపాన్ గుర్తు. 1994. తెచ్చినది కొడుకు. ఆడిన చేయి: తల్లి, ఏడేళ్ళ లోపు, రంగూన్. ఎడమ చేయి ఊడి ఎర్ర దారంతో కట్టి ఉంది, మూడు ముళ్ళు. దారం విప్పరాదు, మార్చరాదు. తల్లికి తెలియకుండా తెచ్చినట్లున్నాడు. చేయి ఉంది.’

కింద వేరే సిరాతో, తరువాత ఎప్పుడో రాసినది: ‘కొడుకు ఇచ్చిన చిరునామాకు రెండు ఉత్తరాలు. జవాబు లేదు. ఇంకా అడగాలి.’

బొమ్మ చివరి గదిలోనే ఉంది. ఇప్పుడే వెళ్ళి చూసి వచ్చాను. దారం రంగు వెలిసింది, ముళ్ళు అలాగే ఉన్నాయి.

సందేశం 14 · రాయగడ_పాఠకురాలు

ఆ ఉత్తరాలు వచ్చేనాటికి మేము ఇల్లు మారి ఉంటాము. మామయ్య ఇప్పుడు లేరు.

అమ్మమ్మకు మీ సందేశం చదివి వినిపించాను. బరంపురం తీసుకువెళ్ళమంటోంది. అంత దూరం ఆమె కూర్చోలేదేమోనని మా భయం, ఆమెకు మాత్రం ఆ భయం లేదు. ఆదివారం కారులో బయలుదేరుతున్నాం. మామయ్యకు ఆయన ఇచ్చిన మొత్తం ఎంతో చెబితే తీసుకువస్తాము.

సందేశం 15 · మహేంద్రతనయ

పుటలో డెబ్బై అయిదు రూపాయలని ఉంది. తాతగారి అమ్మాయిగారితో మాట్లాడాను. ఆ మొత్తం అమ్మమ్మగారి చేత్తోనే తీసుకుంటామని, నాన్నగారి పద్ధతి మార్చడం తమకు ఇష్టం లేదని చెప్పారు.

ఆదివారం ఎప్పుడు వచ్చినా నేను ఉంటాను. ముందుగది గడప ఎత్తు ఎక్కువ గనుక అమ్మమ్మగారికి అరుగు మీదే కుర్చీ వేయిస్తాము. బొమ్మను వెదురు బుట్టలో, పాత నూలు గుడ్డ పరచి ఇస్తాను. కారులో మూసిన సంచిలో పెట్టకుండా, అద్దం పక్క ఎండ తగలకుండా తీసుకువెళ్ళండి. ఇంట్లో దేవుడి గదిలో మాత్రం పెట్టవద్దు, దీపం ఉంటుంది.

143వ పుట ఇంకా మూయలేదు. చివరి గడి అమ్మమ్మగారు వచ్చాక ఆమె చేతనే రాయిస్తాను.